ఇంజను మారిన రైలింజను, ముందే డబ్బు కట్టిన అభిమానులు

1954లో ఐర్లండ్ ప్రభుత్వ రవాణా సంస్థ సీఐఈ, బ్రిటన్‌లోని మెట్రోపాలిటన్ వికర్స్ కంపెనీకి ఒకేసారి 94 డీజిల్ రైలింజన్లకు ఆర్డరిచ్చింది. వాటిలో 60 పెద్దవి, 34 చిన్నవి. పెద్దవి ఏ క్లాసు, చిన్నవి సీ క్లాసు. సొంత బొగ్గు దాదాపు లేని దేశం అది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ నుంచి మంచి బొగ్గు రాక, ఆవిరి చాలక దారి మధ్యలో రైళ్లు ఆగిపోయిన రోజులు జనానికి ఇంకా గుర్తున్నాయి. అందుకే తొందర. 1955, 56ల్లో ఏ క్లాసు ఇంజన్లు వెండి రంగు పూసుకుని ఐర్లండ్ పట్టాలెక్కాయి. ఒక్కొక్కటి 1,200 హార్స్ పవర్. ఇప్పుడు అదే రైలింజను 20 సెంటీమీటర్ల మోడల్‌గా, పెట్టెలోంచి తీసి నేరుగా పట్టాల మీద పెట్టి నడుపుకునేలా దొరుకుతోంది. ఆ మోడల్ కథ చెప్పాలంటే ముందు అసలు యంత్రం పడ్డ కష్టం చెప్పాలి.

ఏ క్లాసులో అమర్చింది క్రాస్‌లీ కంపెనీ ఇంజను. ఎనిమిది సిలిండర్లు, రెండు స్ట్రోకుల పద్ధతి. ఇలాంటి ఇంజనులో కాలిన పొగను బయటికి తోసి తాజా గాలిని నింపడం రెప్పపాటులో జరిగిపోవాలి. దానికి క్రాస్‌లీ ఇంజనీర్లు చాలా తెలివైన ఉపాయం పన్నారు. ఒక సిలిండరు వదిలిన పొగలో ఒత్తిడి అల ఒకటి పుడుతుంది. పక్క సిలిండరులో నిండిన గాలి కొంత బయటికి జారబోయే వేళకు ఈ అల వచ్చి తాకి, దాన్ని మళ్లీ లోపలికి నెడుతుంది. టర్బోచార్జరు లేదు, ఎగ్జాస్ట్ వాల్వులు లేవు. విడిభాగాలు ఎంత తక్కువైతే చెడిపోయేవి అంత తక్కువ కదా అని వాళ్ల లెక్క.

ఆ లెక్క పట్టాల మీద తప్పింది. గంటలకొద్దీ ఒకే వేగంతో తిరిగే ఇంజనుకైతే పొగ అలల తాళం కుదురుతుంది. రైలింజను అలా తిరగదు. స్టేషన్లో నిలబడి గురగురలాడుతుంది, బయల్దేరగానే పూర్తి బలం అడుగుతుంది, ఎత్తు దిగగానే వద్దంటుంది. క్రాస్‌లీ ఇంజన్లు పొగ కక్కాయి, నూనె కార్చాయి, అదిరిపోయాయి, మాటిమాటికీ మొరాయించాయి. ఇది ఒక్క ఐర్లండ్ కష్టం కాదు. బ్రిటిష్ రైల్వే ఇదే ఇంజనుతో 1958, 59ల్లో 20 రైలింజన్లు చేయించుకుని, 1968 నాటికి అన్నిటినీ పక్కన పెట్టేసింది. పశ్చిమ ఆస్ట్రేలియా కొన్న 48 ఎక్స్ క్లాసు ఇంజన్లూ ఇదే తిప్పలు పెట్టాయి.

ఐర్లండ్‌కు బ్రిటన్‌లా పక్కన పెట్టేసే స్తోమత లేదు. అక్కడే ఈ కథ మలుపు తిరిగింది. 1961లో సీఐఈ అమెరికాలోని జనరల్ మోటార్స్ నుంచి 15 రైలింజన్లు తెప్పించింది. ఇవి 121 క్లాసు. ఒక వైపే డ్రైవరు గది ఉన్న ఈ ఇంజన్లు చూపుకు మొరటువే, కానీ రోజూ పొద్దున్నే లేచి పని చేశాయి. వాటి నమ్మకం చూశాక, 1968 నుంచి 1971 దాకా 60 ఏ క్లాసుల్లోంచీ క్రాస్‌లీలను పీకి, జనరల్ మోటార్స్ 645 ఇంజన్లు పెట్టారు. పెట్టె అదే, బోగీలు (చక్రాలను పట్టి ఉంచే చట్రాలు) అవే, చక్రాలు తిప్పే మోటార్లు అవే. ఇంజను ఒక్కటే మారింది. మారాక ఈ రైలింజన్లు మరో పాతికేళ్లు, 1995 దాకా లాగాయి.

విశేషమేమంటే 645 కూడా రెండు స్ట్రోకుల ఇంజనే. పద్ధతిలో తప్పు లేదన్నమాట. తేడా అల్లా గాలి నింపడంలో ఉంది. జనరల్ మోటార్స్ వాళ్లు పొగ అలల్ని నమ్ముకోలేదు. ప్రతి సిలిండరు నెత్తిన నాలుగు ఎగ్జాస్ట్ వాల్వులు పెట్టి, ఇంజనే తిప్పే బ్లోయరుతో కింది రంధ్రాల నుంచి గాలిని తోయించారు. వేగం ఎంతైనా గాలి ఒకే దారిన కింది నుంచి పైకి పోతుంది. 645 అనేది ఒక్కో సిలిండరు ఘనపరిమాణం, ఘనపుటంగుళాల్లో. ఇదే కుటుంబంలో స్ట్రోకు ఒక అంగుళం పెంచితే వచ్చింది 710. మన గూడ్సు రైళ్లను లాగే డబ్ల్యూడీజీ-4 లో ఉన్నది 16 సిలిండర్ల 710. ఐర్లండ్ 201 క్లాసులో ఉన్నది 12 సిలిండర్ల 710. డీజిల్ గూడ్సు వెళ్తుంటే మన స్టేషన్లో వినిపించే ఆ మోత డబ్లిన్ వాళ్లకూ సొంతమే.

ఇక మోడళ్ల సంగతి. ఐర్లండ్ రైళ్ల మోడల్ కావాలంటే చాలాకాలం పాటు చేతనైనవాళ్లు స్వయంగా చేసుకోవడమే దారి. డబ్లిన్ ఇంచికోర్ వర్క్‌షాపులో పనిచేసిన సిరిల్ ఫ్రై అలా జీవితమంతా చేశాడు. చేతకానివాళ్లకు దొరికింది మారువేషం. ఇటలీ కంపెనీ లిమా తన బ్రిటిష్ క్లాస్ 33 మోడల్‌కే సీఐఈ రంగులేసి అమ్మింది. అసలు క్లాస్ 33 ఐర్లండ్‌లో ఏనాడూ నడవలేదు. కాకపోతే దాన్ని కట్టిన బర్మింగ్‌హామ్ కంపెనీయే ఐర్లండ్‌కు 101 క్లాసు కూడా కట్టింది కాబట్టి కాస్త పోలిక ఉంది. పిల్లలకు అది చాలు. ఆ రైళ్లను చూస్తూ పెరిగినవాళ్లకు చాలదు, చాలకపోవడం న్యాయమే.

పెద్ద కంపెనీలు ఎందుకు చెయ్యలేదంటే, అంతా అచ్చుల ఖర్చులోనే ఉంది. మోడల్ పెట్టె ప్లాస్టిక్. ఆ ప్లాస్టిక్‌ను కరిగించి ఒత్తిడితో పంపే ఉక్కు అచ్చును కొలత తేడా రాకుండా చెక్కాలి. కిటికీ చట్రాలు, కప్పు మీది జాలీలు, మెట్లు, బోగీల పక్క పలకలు, అన్నిటికీ విడివిడి అచ్చులు. పది మోడళ్లు చేసినా పదివేలు చేసినా అచ్చు ఖర్చు మారదు. ఉదాహరణకు అచ్చులకు లక్ష యూరోలు అనుకుందాం. పదివేలు అమ్మితే ఒక్కోదాని మీద పది యూరోలే పడుతుంది. వెయ్యి అమ్మితే వంద. ఉత్తరం, దక్షిణం కలిపినా ఐర్లండ్ దీవి జనాభా సుమారు 70 లక్షలు. అందులో మోడల్ రైళ్లు కొనేవాళ్లు ఎందరు?

ఈ చిక్కుకు జవాబు కొనేవాళ్ల నుంచే వచ్చింది. మన దగ్గర పెద్ద గ్రంథం వెయ్యాలనుకున్నవాళ్లు ముందస్తు చందాలు పోగుచేసి అచ్చుకు పంపినట్టే, మోడల్ రైళ్లలోనూ ముందే డబ్బు కట్టించుకునే పద్ధతులు వచ్చాయి. వీటిలో రెండు రకాలు ఉన్నాయి. రెంటినీ కలిపి మాట్లాడటం వల్ల చాలామంది మోసపోతారు. మొదటిది ముందస్తు ఆర్డరు. పెట్టుబడి కంపెనీది, ఆర్డర్ల సంఖ్య చూసి ఎన్ని చెయ్యాలో నిర్ణయించుకుంటుంది. రెండోది అసలైన క్రౌడ్ ఫండింగ్. ఇందులో అచ్చు చెక్కే డబ్బే కొనేవాళ్లది. డిజైనుకు ఒక వాయిదా, అచ్చులకు ఒకటి, తయారీకి ఒకటి అని విడతలుగా కడతారు. బ్రిటన్‌లో రివల్యూషన్ ట్రైన్స్ ఈ దారిలో పెండొలీనో రైలును ఎన్ గేజి అనే చిన్న కొలతలో చేసి చూపించింది. అదే బ్రిటన్‌లో ఇంకొక సంస్థ 2019లో మూతపడటంతో, క్రౌడ్ ఫండింగ్‌లో డబ్బు కట్టినవాళ్లకు మోడలూ రాలేదు, డబ్బూ రాలేదు. కొనుగోలుదారుడు తాను కొంటున్నాననుకుంటాడు గాని, చట్టం దృష్టిలో చాలాసార్లు అప్పిచ్చినవాళ్ల వరుసలో చివర నిలబడతాడు.

ఐర్లండ్ మోడళ్లు ఎక్కువగా మొదటి దారిలోనే వచ్చాయి. నా ఉద్దేశంలో అదే మంచిదైంది. డబ్లిన్‌కు చెందిన మర్ఫీ మోడల్స్ చైనాలో చేయించి 141, 181, 071, ఆ తర్వాత 121 క్లాసులు తెచ్చింది. ఐరిష్ రైల్వే మోడల్స్ అనే సంస్థ రైలింజను జోలికి పోకుండా ముందు కంకర వ్యాగన్లతో మొదలుపెట్టింది. వ్యాగనుకు మోటారు ఉండదు, అచ్చులు తక్కువ, పైగా ఒకే మనిషి పది కొంటాడు. టారా గనుల నుంచి జింకు ఖనిజం మోసే వ్యాగన్లూ అలాగే చేసింది. నమ్మకం కుదిరాక ఏ క్లాసుకు పూనుకుంది. 2021లో అది కొన్నవాళ్ల చేతికొచ్చింది.

చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది. లోపల జింకు మిశ్రమం పోసిన చట్రం. దాని నడుమ 12 వోల్టుల మోటారు, మోటారుకు అటూ ఇటూ ఇత్తడి ఫ్లైవీలు. పట్టా మీద మురికి వల్ల క్షణం పాటు కరెంటు తెగితే ఆ చక్రాల ఊపే రైలును దాటిస్తుంది. డిజిటల్ పద్ధతిలో నడిపేవాళ్లకు పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది, దాని దిశ మాత్రం అటూ ఇటూ మారుతూ ఉంటుంది. సగం అల 58 మైక్రోసెకన్లుంటే అది ఒకటి, 100 గాని అంతకుమించి గాని ఉంటే సున్నా. ఈ ఒకట్లు, సున్నాలు చదివే చిన్న డీకోడరు రైలింజనులో ఉంటుంది. తన నంబరు వినిపిస్తేనే అది కదులుతుంది. శబ్దం కూడా అదే వినిపిస్తుంది. అయితే 60 రైలింజన్లకూ ఇంజను మార్చేశారు కాబట్టి, క్రాస్‌లీ మోతను ఇవాళ ఏ ఒక్క ఏ క్లాసు నుంచీ రికార్డు చెయ్యలేం.

ఇంత శ్రద్ధగా చేసినా ఒక తప్పు మిగిలిపోయింది. అది పట్టాల వెడల్పు. బ్రిటన్, ఐర్లండ్ మోడళ్లు ఓఓ కొలతలో ఉంటాయి, అసలులో 76వ వంతు. పట్టాలు మాత్రం 16.5 మిల్లీమీటర్లు, అది యూరప్‌లో 87వ వంతు మోడళ్లకు సరిపోయే వెడల్పు. బ్రిటిష్ రైలింజన్లు సన్నవి కావడంతో ఆనాటి మోటార్లు 87వ వంతు పెట్టెలో పట్టలేదు. పెట్టెను పెంచారు, పట్టాలను వదిలేశారు. ఐర్లండ్ రైళ్లు నడిచేది 5 అడుగుల 3 అంగుళాల గేజి మీద. లెక్క ప్రకారం మోడల్ పట్టా 21 మిల్లీమీటర్లు ఉండాలి. దాదాపు నాలుగున్నర మిల్లీమీటర్లు తక్కువ. ఎదురుగా నిలబడి చూస్తే చక్రాలు పెట్టె కిందికి ముడుచుకున్నట్టు కనిపిస్తాయి. పట్టుదల ఉన్నవాళ్లు ఇరుసులు మార్చి, పట్టాలు సొంతంగా వేసుకుంటున్నారు. మన బ్రాడ్‌గేజి 5 అడుగుల 6 అంగుళాలు కనుక ఇదే కొలతలో 22 మిల్లీమీటర్లు కావాలి. భారతీయ రైళ్ల మోడళ్లు చేసేవాళ్లకూ ఇదే బాధ.

సేకరించేవాళ్లకు ఇంకో రెండు మాటలు. జింకు మిశ్రమంలో సీసం, తగరం వంటివి కొద్దిగా కలిసినా చాలు, తేమ తగిలినకొద్దీ లోహపు రేణువుల మధ్య నుంచి తుప్పు పడుతుంది. చట్రం ఉబ్బుతుంది, పగుళ్లిస్తుంది, చివరికి పొడిపొడి అవుతుంది. దీనికి మందు లేదు. పొడిగా ఉండే గదిలో దాచడం, వేడెక్కే అటక మీద పెట్టకపోవడం మాత్రమే మన చేతిలో ఉన్నవి. రెండోది ధర. ఒక బ్యాచి అయిపోగానే పాత మోడళ్ల ధర పెరుగుతుంది. అదే అచ్చుతో రెండో బ్యాచి రాగానే పడిపోతుంది. లాభానికి కొనేవాళ్లు స్థలమో బంగారమో కొనుక్కోవడం నయం. మోడల్ నడపడానికి కొనాలి. నడపకపోతే గేర్లలోని గ్రీజు బిగిసిపోతుంది. క్రౌడ్ ఫండింగ్‌లో చేరేవాళ్లు మాత్రం ముందు మూడు సంగతులు రాతపూర్వకంగా అడగాలి: అచ్చులు ఎవరి పేరున ఉంటాయి, మన డబ్బు విడిగా ఏ ఖాతాలో ఉంటుంది, పని ఆగిపోతే ఎంత తిరిగొస్తుంది. జవాబు చెప్పడానికి తటపటాయించేవాళ్లకు పైసా కట్టకండి.

డబ్లిన్‌లో ఇప్పుడు తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. మలహైడ్‌లోని క్యాసినో మోడల్ రైల్వే మ్యూజియంలో సిరిల్ ఫ్రై చేతిపని ఉంది, లోకల్ రైలెక్కి వెళ్లొచ్చు. అసలు ఏ క్లాసులు నాలుగు మిగిలాయి. వాటిలో మూడింటిని ఐరిష్ ట్రాక్షన్ గ్రూప్ స్క్రాపుకు పోకుండా కాపాడింది. అందులో ఏ39 ఉత్తర ఐర్లండ్‌లోని డౌన్‌ప్యాట్రిక్ రైల్వేకు చేరింది. పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి.