ఏది తిప్పతీగ?



రాజుల రెండవ గ్రంథము నాల్గవ అధ్యాయములో ఒక వంట సంగతి ఉన్నది. గిల్గాలులో కరవు. ఎలీషా ప్రవక్త తన యొద్దనున్న శిష్యులకొరకు పెద్ద కుండ పొయ్యిమీద పెట్టించాడు. వారిలో ఒకడు ఆకుకూర కొరకు బయలుదేరి, ఒక అడవి తీగకు కాయలు చూచి, దొరికినన్ని తెచ్చి ముక్కలు చేసి వేశాడు. అవి ఏ కాయలో అక్కడ ఎవరికీ తెలియదు. నోట పెట్టుకొనగానే ప్రాణాపాయమని అందరు కేకలు వేశారు. అది చేదుపుచ్చ తీగ అయి ఉండవచ్చునని బైబిలు పండితులలో చాలామంది అభిప్రాయము. చూపునకు దాని ఆకు పుచ్చతీగ ఆకువలెనే ఉంటుంది.

కోసినవాడు చెడ్డవాడు కాడు. ఆకలిగొన్న సహోదరులకు పెట్టవలెనని వెళ్ళినవాడే. అయినను అతని మంచి మనస్సు కాయలోని విషమును తీసివేయలేదు.

ఈ సంగతి మన ఇండ్లకు ఎంతో దగ్గరగా ఉన్నది. మన ఊళ్ళలో వేపచెట్లమీద, కంచెలమీద తిప్పతీగ అల్లుకొని ఉంటుంది. గుడూచి, గిలోయ్, అమృత అన్నవి కూడ దాని పేర్లే. 2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాపించినప్పుడు దాని కషాయము కాచని వీధి అరుదు. ఆయుష్ మంత్రిత్వ శాఖ 2020లో ఇచ్చిన సూచనలలో కూడ గుడూచి ఉన్నది. అయితే దీనిని వాడిన ఆరుగురికి కాలేయము దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు ఒక వైద్యపత్రికలో ప్రకటించారు. 2022 ఫిబ్రవరిలో ఆయుష్ శాఖ ఒక ప్రకటన చేసి, తిప్పతీగ సురక్షితమే గాని దానిని పోలిన మరియొక తీగ హాని చేయవచ్చునని హెచ్చరించింది. ఆ రెండవ తీగ పేరు టినోస్పోరా క్రిస్పా. తిప్పతీగ శాస్త్రనామము టినోస్పోరా కార్డిఫోలియా. ఒకే ఇంటిపేరుగల అన్నదమ్ములవంటివి ఇవి.

రెండింటి ఆకులు హృదయాకారమున తమలపాకువలె ఉంటాయి. రెండును చేదే. కనుక ఆకునుబట్టి గాని నాలుకనుబట్టి గాని తీర్పు చెప్పరాదు. మరి గురుతులేమి?

మొదట కాండము చూడండి. తిప్పతీగ కాండముమీద కాగితమువంటి పలుచని పొర ఉంటుంది. గోటితో గీకితే లోపల పచ్చగా కనబడుతుంది. పైన చిన్న చుక్కలు ఉండవచ్చు గాని పెద్ద బుడిపెలు ఉండవు, పాలు కారవు. క్రిస్పా కాండము బూడిదరంగుగా ఉండి, ఒంటినిండా బుడిపెలతో గరుకుగా ఉంటుంది. దానిని కోస్తే పాలవంటి రసము వస్తుంది.

తరువాత పువ్వు, కాయ. రెండింటి పువ్వులు చిన్నవే. తిప్పతీగ పువ్వుకు ఆరు రేకులు, క్రిస్పాకు మూడు. తిప్పతీగ పండు గుండ్రముగా, ఎర్రగా ఉంటుంది. క్రిస్పా పండు కోలగా, నారింజరంగులో ఉంటుంది. వీటిలో మగతీగ వేరు, ఆడతీగ వేరు. కాబట్టి కొన్ని తీగలకు ఎన్నడును కాయలుండవు. అప్పుడు కాండమే ఆధారము. ఇదే జాతిలో మూడవ తీగ కూడ ఉన్నది. దాని ఆకు అడుగున మెత్తని నూగు ఉంటుంది. తిప్పతీగ ఆకు నున్నగా ఉంటుంది.

గురుతులన్నీ సరిపోయినను పని ముగియలేదు. 2022లోనే పలు ఆసుపత్రుల కాలేయ వైద్యులు కలిసి 43 మంది రోగుల వివరములు ప్రచురించారు. అసలు తిప్పతీగ వలన కూడ కొందరికి హాని కలిగినదని వారి నిర్ణయము. శరీరములోని రక్షణశక్తి తన అవయవములమీదనే తిరుగబడే జబ్బులున్నవారు, కాలేయవ్యాధి ఉన్నవారు, గర్భిణీ స్త్రీలు వైద్యుని అడుగక దీనిని ముట్టరాదు. షుగరు మాత్రలు వాడేవారికి ఇది చక్కెరను మితిమీరి దించవచ్చు.

కషాయము త్రాగుచున్నవారికి కండ్లు పచ్చబడినా, మూత్రము ముదురురంగుగా వచ్చినా, ఆకలి చచ్చి వాంతి వచ్చినట్లున్నా వెంటనే మానివేయాలి. పచ్చకామెర్లని పసరుమందు కొరకు ఊళ్ళు తిరుగక ఆసుపత్రికి వెళ్ళండి. త్రాగిన తీగ ముక్క కూడ తీసికొని వెళ్ళి, ఏమి త్రాగినది దాచక చెప్పండి.

గృహదర్శనములలో మేము ఒక సంగతి గమనిస్తూ ఉంటాము. ప్రేమతో ఎవరైన కషాయము సీసాలో పోసి పంపితే, వద్దని చెప్పుటకు మనవారికి మొగమాటము. పొరుగింటి అక్కయ్య మనసు నొచ్చుకుంటుందేమో, అయ్యగారు ఇచ్చినది కాదనవచ్చునా అని త్రాగివేస్తారు. గిల్గాలులో ఆ మొగమాటము లేదు. తిన్నవారు దైవజనుని ఎదుటనే కేక వేశారు. ఎలీషా వారిని గద్దించలేదు, కుండను బాగుచేశాడు. మన సంఘములలో కూడ ఇచ్చేవారు ముందుగా తీగను పరీక్షించాలి, పుచ్చుకొనేవారు నిర్భయముగా ప్రశ్నించాలి. అడిగినందుకు నొచ్చుకొనకుండుట కూడ ప్రేమయే.

తెలివితో కూడిన ప్రేమను దేవుడు మన కుటుంబములకు అనుగ్రహించును గాక! ఆమేన్.