గోడ గడియారం వెలుగుతోంది, సరే, సమయం సరైనదేనా?

ఆసుపత్రులు, విమానాశ్రయాలు, కర్మాగారాల వంటి చోట్ల గోడలకు బిగించే నెట్‌వర్క్ గడియారాలు, ఎన్‌టీపీ అనే నియమావళి ప్రకారం ఒక కేంద్ర సర్వరును అడిగి తమ సమయాన్ని సరిచూసుకుంటూ ఉంటాయి. డేవిడ్ మిల్స్ రూపొందించిన ఈ నియమావళి 1985లో ప్రమాణపత్రంగా వెలువడింది. సర్వరుతో సంబంధం తెగిపోయినా గడియారం ఆగదు. లోపలి క్వార్ట్జ్ స్ఫటికం ఆధారంగా నడుస్తూనే ఉంటుంది. పది లక్షల్లో 20 వంతుల దోషమున్న స్ఫటికమైతే రోజుకు సుమారు 1.7 సెకన్లు, నెల తిరిగేసరికి దాదాపు 50 సెకన్లు తేడా పేరుకుపోతుంది. తప్పు సమయాన్ని కూడా అంతే ధీమాగా చూపుతుంది కాబట్టి చూసేవారికి అనుమానం రాదు.

ఈ చిక్కును పసిగట్టడానికి ఉపకరించేది, 1988లో తొలి ప్రమాణపత్రం వెలువడిన ఎస్ఎన్ఎంపీ అనే పర్యవేక్షణ నియమావళి. గడియారంలో ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాము ఉంటుంది. పర్యవేక్షణ కేంద్రంలోని మేనేజర్ అనే ప్రోగ్రాము 161వ పోర్టు ద్వారా అడిగే ప్రశ్నలకు అది జవాబిస్తుంది. ప్రతి సమాచారాంశానికీ చుక్కలతో విడదీసిన అంకెల వరుస ఒకటి చిరునామాగా ఉంటుంది, దానినే ఓఐడీ అంటారు. తయారీ సంస్థల సొంత అంశాలన్నీ 1.3.6.1.4.1 అనే కొమ్మ కిందికి వస్తాయి. పరికరం ఎంతకాలంగా నడుస్తోందన్నది చాలామంది మొదట అడిగే ప్రశ్న, నిజానికి ఇక్కడ అంతగా పనికిరానిది. పైగా ఆ లెక్క సెకనులో నూరో వంతు చొప్పున 32 బిట్లలో సాగేది కనుక 497 రోజులకు మళ్లీ సున్నాకు వచ్చి, గడియారం ఆగి మొదలైందన్న భ్రమ కలిగిస్తుంది. అడగవలసింది చివరిసారి సర్వరుతో ఎప్పుడు సరిచూసుకున్నదీ, తేడా ఎంత వచ్చిందీ అన్నవే. సర్వరు అందకపోతే గడియారమే 162వ పోర్టుకు ట్రాప్ అనే హెచ్చరికను పంపేలా కూడా అమర్చవచ్చు, అయితే అది దారిలో పోయినా తెలియదు గనుక క్రమం తప్పకుండా అడుగుతూ ఉండటమే మేలు.

ఎస్ఎన్ఎంపీ పాత వెర్షన్లలో ‘పబ్లిక్’ వంటి సంకేతపదం నెట్‌వర్క్‌లో బాహాటంగా ప్రయాణిస్తుంది కాబట్టి, మార్పులు చేసే అనుమతి ఉన్న గడియారాన్ని ఎవరైనా తప్పుడు సర్వరు వైపు మళ్లించే వీలుంది. గుర్తింపు ధ్రువీకరణ, గోప్యలేఖనం ఉన్న మూడో వెర్షన్ వాడటం అందుకే అవసరం.

అంకెలోని ఒక్క ఎల్ఈడీ గీత, ఎగువ కుడిపక్కది, మాడిపోతే 8 కాస్తా 6గా కనిపిస్తుంది. దీపాల స్థితిని కొలిచే ఏర్పాటు లేని గడియారం అప్పుడు కూడా అంతా సవ్యమనే జవాబిస్తుంది కనుక, సిబ్బంది అప్పుడప్పుడు వెళ్లి కంటితో చూసి రావలసిందే.