మైకుసెట్టు మధ్యలో మూగబోతే...

పెళ్లి పందిరి. చుట్టాలంతా వచ్చారు. మైకుసెట్టులో పాట మోగుతోంది. బేస్ బాక్సులు ధన్ ధన్‌మని అదురుతున్నాయి. ఉన్నట్టుండి పాట ఆగిపోయింది. పది నిమిషాలకి దానంతటదే మళ్లీ వచ్చింది. అరగంట మోగి మళ్లీ ఆగింది.

పెళ్లివారికి కోపం వచ్చింది. "ఇదేం సెట్టు? కిరాయి సగమే ఇస్తాం" అన్నారు.

ఆ సెట్టు పొదుపు సంఘం వాళ్లది. పదిమంది అక్కలు కలిసి అప్పు తీసుకుని కొన్నారు. నెలనెలా కిస్తీ కట్టాలి. కిరాయి సగమే వస్తే కిస్తీ ఎలా కడతారు?

"ఆంప్లిఫయర్ పాడైపోయిందక్కా. కొత్తది కొనాల్సిందే" అన్నాడు సెట్టు నడిపే కుర్రాడు.

"మళ్లీ అప్పా!" అని అక్కలు తలలు పట్టుకున్నారు.

పక్క ఊళ్లో ముసలి మెకానిక్కు ఉన్నాడు. అందరూ ఆయన్ని మామా అని పిలుస్తారు. మర్నాడు ఆయన్ని పిలిపించారు.

"తొందరపడకండమ్మా. రోగం తెలియకుండా మందు కొంటామా?" అన్నాడు మామ.

ఆంప్లిఫయర్ ఏం చేస్తుంది?

మైకులోంచి వచ్చే కరెంటు చాలా చిన్నది. అది స్పీకరును కదిలించలేదు. ఆంప్లిఫయర్ దానికి బలం పెంచి స్పీకరుకు పంపుతుంది. స్పీకరులో గిన్నెలాంటి అట్ట ఉంటుంది. అది ముందుకూ వెనక్కూ ఊగుతుంది. గాలిని కదిలిస్తుంది. అదే మనకు శబ్దంగా వినపడుతుంది.

బేస్ అంటే డోలు మోత లాంటి లావు శబ్దం. దానికి చాలా గాలి కదలాలి. అందుకే బేస్ స్పీకరు పెద్దగా ఉంటుంది. కరెంటు కూడా ఎక్కువ లాగుతుంది. సెట్టులో బలం తగ్గితే ముందు బేస్‌లోనే తెలుస్తుంది.

ఎప్పుడు ఆగుతోంది?

మామ మొదట అడిగిన ప్రశ్న ఇదే. "ఆగిందని చెబితే చాలదు. ఎప్పుడు ఆగిందో చెప్పాలి. సగం జవాబు అందులోనే ఉంటుంది" అన్నాడు.

వైరు కదిపినప్పుడు శబ్దం వచ్చిపోతుంటే వైరు లోపల తెగి ఉండొచ్చు. లేదా పిన్ను వదులై ఉండొచ్చు.

పందిట్లో దీపాలన్నీ వెలిగాక బేస్ తగ్గిపోతే కరెంటు చాలడం లేదన్నమాట. మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. దూరం నుంచి సన్నటి వైరు లాగితే దారిలోనే వోల్టేజి తగ్గుతుంది. సెట్టుకు లావు వైరు వేరుగా లాగాలి.

అరగంట మోగి, ఆగి, చల్లారాక మళ్లీ మోగితే అది వేడి జబ్బు. చాలా ఆంప్లిఫయర్లలో కాపలా ఏర్పాటు ఉంటుంది. వేడి మితిమీరితే అది శబ్దాన్ని ఆపేస్తుంది. చల్లారితే మళ్లీ వదులుతుంది.

"మనది ఇదే మామా!" అంది సంఘం లెక్కలు రాసే అక్క.

"మరి అంత వేడి ఎందుకొచ్చింది?" అన్నాడు మామ.

అంకె చెప్పిన నిజం

మామ ముందు మీటరు పెట్టి చూశాడు. 215 వోల్టులు వచ్చింది. ఫరవాలేదు. గాలి రంధ్రాలు చూశాడు. దుమ్ము పట్టి ఉన్నాయి. బ్రష్షుతో దులిపాడు. తర్వాత ఆంప్లిఫయర్‌ను వెనక్కు తిప్పాడు.

"ఇక్కడ ఏం రాసి ఉందో చదువమ్మా" అన్నాడు.

అక్క వంగి చూసింది. ఇంగ్లీషు మాట ఆమెకు రాదు. కానీ దాని పక్కనున్న అంకె తెలుసు. "నాలుగు" అంది.

"అది ఓముల లెక్క. ఓము అంటే కరెంటుకు ఉండే అడ్డు. ఈ మిషనులో ఒక్కో పక్క 4 ఓములకు తగ్గకూడదని అర్థం. ఇప్పుడు బాక్సు మీద చదువు."

"ఎనిమిది."

"అలాంటివి ఎన్ని పెట్టారు?"

"నాలుగు. కుడిపక్క సాకెట్టు వదులైందని అన్నీ ఎడమపక్కకే కలిపాను" అని కుర్రాడు నసిగాడు.

మామ వివరించి చెప్పాడు. చెరువుకు ఒక తూము ఉంటే కొంత నీరు పోతుంది. నాలుగు తూములు ఒకేసారి తెరిస్తే ఎక్కువ నీరు పోతుంది. బాక్సులూ అంతే. ఒక్కో బాక్సు ఒక్కో తూము. పక్కపక్కన కలిపేకొద్దీ అడ్డు తగ్గుతుంది. కరెంటు ఎక్కువ పారుతుంది.

అక్క పలక తీసి లెక్క వేసింది. ఒక బాక్సుకు 8 ఓములు. రెండు కలిపితే 8లో సగం, అంటే 4. నాలుగు కలిపితే 8లో నాలుగో వంతు, అంటే 2.

"రెండే! 4కు తగ్గకూడదని రాసి ఉంది కదా మామా!"

"అదే జబ్బు. మిషను మోయలేని బరువు మోసింది. వేడెక్కి ఆగిపోయింది."

కుడి సాకెట్టు మర బిగించారు. రెండు బాక్సులు ఎడమపక్కకు, రెండు కుడిపక్కకు కలిపారు. ఇప్పుడు ఒక్కో పక్క 4 ఓములు. రెండు గంటలు మోగించి చూశారు. ఆగలేదు.

మార్చి చూడండి

ఒక పక్క మాత్రమే పని చేయకపోతే ఏం చేయాలో కూడా మామ నేర్పాడు. ముందు సెట్టు ఆపాలి. ఆంప్లిఫయర్ దగ్గర కుడి, ఎడమ బాక్సుల వైర్లు అటుది ఇటు మార్చాలి. మళ్లీ మోగించాలి. అప్పుడూ ఆ బాక్సే మూగగా ఉంటే తప్పు బాక్సుదో దాని వైరుదో. రెండో బాక్సు మూగబోతే తప్పు ఆంప్లిఫయర్‌లోనో, దానికి పాట తెచ్చే వైరులోనో ఉంది.

అనుమానం ఉన్న బాక్సును టార్చిలైటు సెల్లుతో చూడొచ్చు. వైరును ఆంప్లిఫయర్ నుంచి పూర్తిగా తీసేయాలి. రెండు కొసలను సెల్లు రెండు చివరలకు ఒక్క క్షణం తాకించాలి. టక్‌మంటే స్పీకరు బతికే ఉంది. ఏమీ అనకపోతే వైరో, స్పీకరు లోపలి చుట్టో తెగింది.

ప్రాణం ముందు, పాట తర్వాత

వెళ్లబోతూ మామ ప్లగ్గు చూశాడు. ముఖం ఎర్రబడింది. మూడు పిన్నుల ప్లగ్గులో లావు పిన్ను లేదు.

"గుర్రుమని శబ్దం వస్తోందని తీసేశాను మామా."

"అది ఎర్తు పిన్ను రా! మిషను డబ్బాకు కరెంటు పాకితే భూమిలోకి పంపేది అదే. అది లేకపోతే కరెంటు మైకు దాకా రావచ్చు. మైకు పట్టుకున్న మనిషి గుండా పోవచ్చు. పెళ్లిలో పాట ఆగితే కిరాయి పోతుంది. ప్రాణం పోతే ఎవరు తెస్తారు?"

కుర్రాడు తల వంచుకున్నాడు. ఆ పూటే కొత్త ప్లగ్గు వేశారు.

కొత్త ఆంప్లిఫయర్ కొనలేదు. కొత్త అప్పు చేయలేదు. బాక్సుల లెక్కను అక్క ఒక అట్టమీద పెద్ద అక్షరాలతో రాసి సెట్టు పెట్టెకు అంటించింది.

గుర్తుంచుకోండి

ఫ్యూజు పోతే అదే అంకె ఉన్న ఫ్యూజు వేయాలి. రాగి తీగ చుట్టకూడదు. మళ్లీ పోతే సెట్టు ఆపి మెకానిక్కును పిలవాలి.

తడి చేతులతో ప్లగ్గు ముట్టుకోకూడదు.

ఆంప్లిఫయర్ మూత మనం విప్పకూడదు. స్విచ్చి ఆపినా లోపల కొంతసేపు కరెంటు నిలవ ఉంటుంది.

కాలిన వాసన వస్తే వెంటనే ప్లగ్గు దగ్గర స్విచ్చి ఆపాలి.

చెప్పండి చూద్దాం

1. సెట్టు అరగంట మోగి ఎందుకు ఆగిపోయింది?
2. 8 ఓముల బాక్సులు రెండు పక్కపక్కన కలిపితే ఎన్ని ఓములు?
3. ప్లగ్గులో లావు పిన్ను ఎందుకు ఉంటుంది? మీ ఇంట్లో ప్లగ్గులకు అది ఉందా?