ఉత్ప్రేరకం అరిగిపోదా?

కవి మనస్సు ప్లాటినం వంటిదని టి.ఎస్. ఎలియట్ 1919లో అన్నాడు. చుట్టూ రసాయనచర్య జరుగుతుంది, ప్లాటినం మాత్రం మారదు. అప్పటినుంచి ‘ఉత్ప్రేరకం’ అన్న మాటను విమర్శకులం ధారాళంగా వాడుతున్నాం. తాను మారకుండా చర్యను వేగవంతం చేసేదన్న పాఠ్యపుస్తక నిర్వచనాన్ని ఎవరం ప్రశ్నించలేదు. నిజానికి గంధకామ్లం తయారీలో ఆ ప్లాటినమే ఆర్సెనిక్ తగిలి చెడిపోయేది. తర్వాత దాని స్థానంలోకి వెనేడియం పెంటాక్సైడ్ వచ్చింది.

సూర్యకాంతితో హైడ్రోజన్ తీసే పరిశోధనలో ఈ సమస్య మరింత తీవ్రం. 1972లో జపాన్ శాస్త్రజ్ఞులు ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్ మీద కాంతి ప్రసరింపజేసి నీటిని విడగొట్టారు. అయితే ఆ పదార్థం గ్రహించేది ముఖ్యంగా అతినీలలోహిత కిరణాలను. ఎండలో వాటి పాలు కొద్ది.

కంటికి కనిపించే వెలుగును వాడుకునే మార్గాల్లో ఒకదానిలో ఇద్దరు పనివాళ్లుంటారు. రుథీనియం కలిసిన రంగు అణువు కాంతిని పట్టి ఎలక్ట్రాన్‌ను ఇస్తుంది. మాలిబ్డినం, గంధకం కలిసిన ఉత్ప్రేరకం దాన్ని అందుకుని ప్రోటాన్లతో హైడ్రోజన్ తయారుచేస్తుంది. ఎలక్ట్రాన్‌ను సకాలంలో అప్పగించలేకపోతే రంగు అణువు ఉద్రిక్తస్థితిలోనే చెదిరిపోతుంది. ఉత్ప్రేరకమూ విచ్ఛిన్నం కావచ్చు. అందుకే ఒక్కొక్క అణువు పాడయ్యేలోగా ఎంత హైడ్రోజన్ ఇచ్చిందో లెక్కగడతారు.

జర్మనీలోని యేనా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇందుకు పాలిమర్లను ఆశ్రయించారు. వారు వాడిన పాలీడీహైడ్రోఅలనైన్ గొలుసులో ధనావేశానికీ, ఋణావేశానికీ చోటుంది. ధనావేశమున్న రంగు అణువూ, ఋణావేశమున్న ఉత్ప్రేరకమూ దాన్నే అంటిపెట్టుకుంటాయి. రెండూ ఇరుగుపొరుగున ఉంటే ఎలక్ట్రాన్ చేతులు మారడం సులభం. పనివాళ్ల ఆయుష్షూ పెరుగుతుంది. పాలిమర్ తానుగా హైడ్రోజన్ చేయదు, చేసేవాళ్లను నిలబెడుతుంది.

ఇందులో పరిమితి లేకపోలేదు. ఇటువంటి ప్రయోగాల్లో ఎలక్ట్రాన్లను సరఫరా చేసేది తరచుగా ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే మన ఉసిరికాయలోని విటమిన్ సి. అది ఖర్చయిపోతూ ఉంటుంది. నీటినుంచే ఎలక్ట్రాన్లను తీసుకునే పని ఆకుకు తెలుసు. ఆ ఆకు సైతం ఎండకు దెబ్బతిన్న తన ప్రోటీన్‌ను తీసేసి మళ్లీ మళ్లీ కొత్తది అమర్చుకుంటుంది.

కనుక పోలిక తెచ్చుకునేవాళ్లు పూర్తిగా తెచ్చుకోవాలంటాను. ఉత్ప్రేరకం పనిలో అరుగుతుంది. ఎంతకాలం నిలుస్తుందన్నది చాలావరకు దాని చుట్టూ ఉన్నదాన్ని బట్టి ఉంటుంది. కవిని ఉత్ప్రేరకమన్న విమర్శకుడు ఆ చుట్టూ ఉన్నదాన్ని కూడా పరిశీలించక తప్పదు.