విమానం తప్పినా పన్నుల సొమ్ము ప్రయాణికుడిదే

చౌక విమాన టికెట్లపై 'తిరిగి చెల్లింపు ఉండదు' అన్న షరతు చూసి, విమానం తప్పితే డబ్బంతా పోయినట్లేనని చాలామంది భావిస్తారు. నిబంధనలు అలా లేవు.

టికెట్ ధరలో మూల ఛార్జీతో పాటు జీఎస్టీ, విమానాశ్రయ వినియోగదారు అభివృద్ధి రుసుము వంటివి కలిసి ఉంటాయి. టికెట్ రద్దు చేసుకున్నా, ప్రయాణించకపోయినా ఈ పన్నులు, విమానాశ్రయ రుసుములను తిరిగి ఇవ్వాలని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన విధించింది. మూల ఛార్జీ తిరిగి రాని ప్రత్యేక ఆఫర్లకూ ఇది వర్తిస్తుంది. రద్దు రుసుము మూల ఛార్జీ, ఇంధన సర్‌ఛార్జీల మొత్తాన్ని మించరాదు. మూల ఛార్జీ తక్కువగా ఉండే చౌక టికెట్లలో పన్నులు, రుసుముల వాటా ఎక్కువ. కాబట్టి వీటిని అడిగి తీసుకోవడం ముఖ్యం.

అసలు విమానం తప్పకుండా చూసుకోవాలంటే సమయపాలన అవసరం. దేశీయ చౌక విమానయాన సంస్థలు సాధారణంగా బయలుదేరే సమయానికి 60 నిమిషాల ముందే చెక్-ఇన్ కౌంటర్లు మూసివేస్తాయి. వెబ్ చెక్-ఇన్ పూర్తిచేసినా సామాను అప్పగించేవారు ఆ గడువులోగా కౌంటర్‌కు చేరాలి. ఆలస్యంగా వచ్చినవారికి పరిహారం వర్తించదు.

విమానం తప్పినవారు పీఎన్ఆర్ నంబరుతో సంస్థకు దరఖాస్తు చేయాలి. ఏజెంటు ద్వారా కొన్నా చెల్లింపు బాధ్యత సంస్థదే. స్పందన లేకుంటే కేంద్ర పౌర విమానయాన శాఖ 'ఎయిర్‌సేవా' పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు.