పొగలో పోతున్న వేడి

మార్గశిరం వచ్చిందంటే చిత్తూరు జిల్లా ఐరాల చుట్టుపక్కల పల్లెల్లో తెల్లవారకముందే వాకిట్లో నీళ్ళ పొయ్యి అంటుకుంటుంది. పొయ్యిమీద కాగు, కింద మామిడి కట్టెలు, ఎండిన చెరుకు పిప్పి. ఇంటిల్లిపాదికీ స్నానాల నీళ్ళు అక్కడివే. ముసలివాళ్ళూ పిల్లలూ చలి కాచుకునేదీ అక్కడే. వంట గ్యాస్ మీదికి మారిన ఇళ్ళలో కూడా ఈ పొయ్యి చాలాచోట్ల కట్టెలతోనే మండుతోంది.

మంచు కురిసే దేశాల్లో ఒక్క ఇనుప పొయ్యితో ఇల్లంతా వెచ్చగా ఉంచుకునే కుటుంబాలున్నాయి. ఐరాలలో ఆ అవసరం లేదు. కానీ అక్కడి పొయ్యికీ ఇక్కడి పొయ్యికీ లెక్క ఒకటే: కట్టెలో ఉన్న వేడిలో ఎంత మనకు దక్కింది, ఎంత గాల్లో కలిసింది?

బహిరంగంగా మండే మూడు రాళ్ళ పొయ్యి ఈ లెక్కలో బాగా వెనకబడుతుంది. కట్టెలోని వేడిలో గిన్నెకు చేరేది సాధారణంగా ఐదోవంతుకు లోపే. మిగిలింది పక్కలనుంచీ పైనుంచీ పోతుంది. పొగ రూపంలో పోయేది ఇంకా బాధాకరం, ఎందుకంటే పొగలో కాలని ఇంధనం ఉంటుంది. కట్టె వేడెక్కితే ముందు వాయువులు వెలువడతాయి. అవి మండాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి, సరిపడా గాలి కావాలి. రెండింట్లో ఏది తగ్గినా అవి నల్లటి పొగై వంటింటి గోడలకూ ఆడవాళ్ళ ఊపిరితిత్తులకూ పడతాయి. ఇళ్ళలోని పొయ్యిల పొగవల్ల 2020లో ప్రపంచమంతటా సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

చలిదేశాల మెరుగైన పొయ్యిలు కట్టెనుంచి వచ్చే ఈ వాయువులను కూడా వృథాగా పోనివ్వవు. మంట మండే ఇనుప పెట్టెలోపల వేడిని నిలిపే ఇటుకలుంటాయి. మంట పైభాగానికి వేరే దారిలో వేడిగాలి వెళ్తుంది, అక్కడ పొగ మరోసారి మండుతుంది. అమెరికాలో ఇలాంటి పొయ్యిల పొగమీద 1988లోనే ప్రభుత్వ పరిమితులు వచ్చాయి.

వేడిని వృథా కానివ్వకూడదన్న ఆలోచన మన పెద్దలకూ లేకపోలేదు. పెద్ద పొయ్యి పక్కన కొడిపొయ్యి కట్టింది అందుకే. ముందు గిన్నెను దాటిపోయే వేడి రెండో గిన్నెకు పనికొస్తుంది. దీన్ని శాస్త్రంగా ముందుకు తీసుకుపోయినవారు హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీకి చెందిన డాక్టర్ ఎస్.పి.రాజు. ఒకే మంటమీద వరసగా గిన్నెలు, చివర పొగగొట్టం ఉండేలా ఆయన మట్టిపొయ్యి రూపొందించారు. కోట్లాది పేద వంటిళ్ళకు పొగ వదలాలన్న తపనతో 1953లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే ప్రచురించారు. తెలుగునేలమీద జరిగిన ఈ పనికి రావలసినంత పేరు రాలేదు.

కేంద్రప్రభుత్వం 1983లో మెరుగైన పొయ్యిల జాతీయ పథకం మొదలుపెట్టింది. కోట్ల పొయ్యిలు పంచింది. 2002లో ఆ పథకం ముగిసింది. పగిలిన పొయ్యిని బాగుచేసేవాళ్ళు, మసి పట్టిన గొట్టాన్ని శుభ్రం చేసేవాళ్ళు ఊళ్ళో లేకపోవడం దాన్ని దెబ్బతీసింది. ఇంకోవైపు ఉమ్మడి రాష్ట్రంలో 1999లో వచ్చిన దీపం పథకం మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది. 2024నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తున్నారు. వంటకు సరే, కాగెడు నీళ్ళు రోజూ కాచడానికి ఆ మూడూ ఎలా చాలుతాయి?

అందుకే నీళ్ళ పొయ్యినే బాగుచేసుకోవాలి. ముందు చూడవలసింది కట్టె. పచ్చికట్టె బరువులో సగందాకా నీళ్ళే. ఆ నీళ్ళు ఆవిరయ్యాకే కట్టె సరిగా మండుతుంది. సున్నా డిగ్రీల నీళ్ళను మరిగించడానికి కావలసిన వేడికి అయిదు రెట్లకు పైగా, ఆ మరిగే నీళ్ళను ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. ఐరాల ప్రాంతంలో మామిడి కొమ్మలు కత్తిరించేది కాపు అయ్యాక. తర్వాత రెండు మూడు నెలలకే ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతాయి. కొట్టిన కొమ్మలను వెంటనే చీల్చి, గాలి తగిలేలా ఎడంగా పేర్చి, పైన రేకు కప్పితే వానలు దాటి మార్గశిరానికి అవి ఎండి ఉంటాయి.