జమ్మిచెట్టు నేర్పిన పాఠము

లోకమున దొంగతనములు పలువిధములు. ధనికుని ఇంట ఒక నగ పోయినచో అతని సంపదలో కొంత తరుగును గాని, మరునాటి భోజనమునకు లోటు రాదు. వడ్రంగి సంచి పోయినచో సంగతి వేరు. అందలి బాడిస, ఉలి, రంపము, చిత్రిక, మూలమట్టము, వీని వెలయంతయు కూడి చూచిన ఏ కొలదివేల రూపాయలో కావచ్చును. కాని పోయినది ఆ కొలదివేలు మాత్రమే కాదు. రేపటి కూలి పోయినది. ఎల్లుండి కూలియు పోయినది. ఒప్పుకొన్న పని ముగింపలేక మాట పోయినది. క్రొత్త సామాను కొనుటకు అప్పు మీద పడినది. నగ నెత్తుకొనిపోయినవాడు సొత్తును దొంగిలించినాడు. పనిముట్టు నెత్తుకొనిపోయినవాడు ఒక కుటుంబపు బ్రతుకుతెరువునే దొంగిలించినాడు.

‘ముట్టు’ అను మాటకే సాధనమను అర్థము కలదు. పనికి సాధనము పనిముట్టు. తెలుగునాట ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్క సాధనసంపద, దానితోపాటు ఒక పదసంపద కలవు. కమ్మరికి కొలిమి, తిత్తులు, దాగలి, సమ్మెట, పటకారు. తాపీపనివానికి తాపీ, తూకపుగుండు, రసమట్టము. నేతగానికి మగ్గము, నాడె, అచ్చు. రైతునకు నాగలి, కాడి, గుంటక, గొర్రు, పార, గునపము, కొడవలి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వ్యవసాయపదములతోను, 1971లో చేనేతపదములతోను మాండలిక వృత్తిపదకోశ సంపుటములను ప్రకటించినది. అవి తిరుగవేసి చూచినవారికి, మన భాషలో ఎంత భాగము ఈ ఇనుపముక్కలను, కొయ్యముక్కలను ఆశ్రయించి బ్రతుకుచున్నదో తెలియును.

పనిముట్టునకు మరియొక విశేషము కలదు. అది అంగడిలో దొరకు వస్తువేయైనను, కొన్నాళ్లు వాడినపిమ్మట అంగడిలో దొరకని వస్తువగును. ఉలిపిడి పట్టినవాని అరచేతికి అనుగుణముగ నునుపు తేలును. రంపపు పండ్లను అతడు తన చేతివాటమునకు తగినట్లు ఆకురాయితో పదునుపెట్టుకొనును. కావుననే పనివారు తమ సాధనము ఇతరుల చేతికిచ్చుటకు జంకుదురు. అది పిసినారితనము కాదు. పోయిన ఉలికి బదులు క్రొత్త ఉలి నాడే కొనవచ్చును. అది చేతికి మాలిమి యగుటకు మాత్రము నెలలు పట్టును.

ఈ మర్మమును మన పూర్వులు ఎరుగుదురు. కౌటిల్యుని అర్థశాస్త్రమున కంటకశోధనమను నాలుగవ అధికరణము కలదు. మైసూరునందు ఆర్. శామశాస్త్రిగారు 1909లో ఈ గ్రంథమును ప్రకటించుటచేత అది లోకమునకు మరల లభించినది. అందు కారువులు, శిల్పులు, కుశీలవులు, తపస్వులు, వీరి చిన్నవస్తువుల నపహరించినవానికి నూరు పణములు, పెద్దవస్తువుల నపహరించినవానికి రెండువందల పణములు దండుగ విధింపబడినది. వ్యవసాయసాధనముల నపహరించినవానికిని ఈ రెండవ దండుగయే. చేతిపనివానిని తపస్వి సరసన కూర్చుండబెట్టుట గమనింపదగినది. తపస్వికి కమండలువు ఎట్టిదో, శిల్పికి ఉలి అట్టిది. అది లేనిచో అతడు అతడు కాడు.

మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున నాగలి మొదలగు కృషిసాధనములను, ఆయుధములను, ఔషధములను దొంగిలించినవానికి, కాలమును, ఆ వస్తువు యొక్క అవసరమును చూచి రాజు దండము నిర్ణయింపవలెనని చెప్పబడినది. ఇందు ‘కాలము’ అను మాట అమూల్యమైనది. వేసవిలో పోయిన నాగలి వేరు, ఏరువాకనాడు పోయిన నాగలి వేరు. వస్తువొక్కటే, వెలయొక్కటే, నష్టము మాత్రము ఒక్కటి కాదు. అదే స్మృతి ఎనిమిదవ అధ్యాయమున, ఊరిబావికడ త్రాడుగాని కుండగాని ఎత్తుకొనిపోయినవాడు ఒక మాషము దండుగ చెల్లించుటయే కాక, ఆ వస్తువును మరల అచ్చటనే ఉంచవలెనని కలదు. త్రాటివెల స్వల్పమే; కాని ఆ త్రాడు లేనిచో బావిలో నీరుండియు ఊరికి దాహమే. ఇతర దేశములవారును ఈ ధర్మమును గుర్తించిరి. తిరుగటిరాతిని తాకట్టుగా గైకొనరాదని బైబిలులోని ద్వితీయోపదేశకాండము శాసించుచున్నది. మనదేశమున 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షను, అప్పు తీర్పలేనివాని ఆస్తిని జప్తు చేయునప్పుడు సైతము, చేతిపనివాని పనిముట్లను, రైతు సేద్యపు సాధనములను ముట్టరాదని చెప్పుచున్నది. అప్పిచ్చి న్యాయస్థానపు డిక్రీ పొందినవాడే ముట్టరాని వస్తువును దొంగ ముట్టుచున్నాడన్నమాట!

శాస్త్రములు శిక్షను చెప్పినవి. రక్షణోపాయమును చెప్పినది భారతము. అజ్ఞాతవాసమునకు బయలుదేరిన పాండవులు విరాటుని నగరము చేరకముందు తమ ఆయుధములను జమ్మిచెట్టుపై దాచిన కథ మన విద్యార్థులందరికి తెలిసినదే. ఆ కథను వస్తురక్షణ దృష్టితో మరల చదివినచో ఆశ్చర్యము కలుగును.

మొదట వారు చోటు నెంచుకొనిరి. ఆ చెట్టు శ్మశానమునకు చేరువ, జనసంచారము లేని చోట నున్నది. కొమ్మలు ఎక్కుటకు కష్టమైనవి. రెండవది, వింటినారులను విప్పి అన్నిటిని కలిపి కట్టిరి. మూడవది, నకులుడు చెట్టెక్కి వానజల్లు తగులని తావు చూచి వానిని బిగించెను. దొంగనుండియే కాదు, తుప్పునుండియు రక్షణ కావలెను గదా! నాలుగవది, చెంతనే ఒక శవమును వ్రేలాడగట్టిరి. ఆ దుర్గంధమునకు ఎవరును దరిచేరరు. ఐదవది, దారిలో కనబడిన గోపాలురతోను, మేషపాలురతోను అది తమ వృద్ధమాత శవమనియు, చెట్టున కట్టుట తమ కులాచారమనియు చెప్పిరి. దాచుటకు చోటు, కట్టు, వానకు మరుగు, దొంగకు బెదురు, చూచినవారికి సమాధానము, ఈ ఐదును సమకూడినవి. ఏడాది గడచినను మూట చెక్కుచెదరలేదు.

ఇంతకంటె ముఖ్యమైన ఘట్టము తరువాత వచ్చును. ఉత్తరగోగ్రహణవేళ బృహన్నల మాటపై ఉత్తరకుమారుడు చెట్టెక్కి మూట విప్పి, ఆ విండ్లను చూచి విస్మయమొంది, ఒక్కొక్కదాని గుర్తు చెప్పి అది ఎవరిదని అడుగును. సంస్కృతభారతమున ఆ గుర్తులు స్పష్టముగ చెప్పబడినవి. ఒకదానిపై నూరు బంగారుచుక్కలు, ఒకదానిపై బంగారు ఏనుగులు, ఒకదానిపై అరువది ఇంద్రగోపములు, అనగా మనము ఆరుద్రపురుగులని పిలుచునవి, ఒకదానిపై మూడు సూర్యబింబములు, ఒకదానిపై మిడుతలు. బృహన్నల తడుముకొనక, మొదటిది అర్జునుని గాండీవము, ఏనుగులది భీమునిది, ఇంద్రగోపములది ధర్మరాజుది, సూర్యులది నకులునిది, మిడుతలది సహదేవునిదని వివరించును. ఇది కేవలము వర్ణనాచమత్కృతియని దాటిపోరాదు. ప్రతి సాధనమునకు చెరగని గుర్తు ఉండవలెను. ఆ గుర్తు యజమానికి కంఠస్థమై యుండవలెను. నేటి పోలీసుస్టేషనులో దొరికిన సొత్తును విడిపించుకొనుటకు కావలసినదియు ఇదియే.

మన ఇండ్లలో ఈ ఆచారము లేకపోలేదు. ఇత్తడిబిందెమీద, కంచు చెంబుమీద ఇంటిపేరు చెక్కించుకొనెడి తరమును మనమందరము ఎరుగుదుము. రజకుడు నల్లజీడిరసముతో ఒక్కొక్క ఇంటి బట్టకు ఒక్కొక్క గుర్తు పెట్టి, వందల బట్టలలో ఒక్కటియు తారుమారు కాకుండ అప్పగించెడివాడు. పెండ్లిలో పెట్టిన చెంబునకు పేరు చెక్కించిన మనము, అన్నము పెట్టెడి గునపమునకు ఏల చెక్కింపము?

ఇక నేటికాలమునకు వత్తము. నాగలిని కాడికి తగిలించుకొని సాయంకాలము ఇంటికి తెచ్చుకొన్న రైతు, నేడు బోరుబావి మోటారును ఇంటికి తెచ్చుకొనలేడు. అది పొలమున, చీకటిలో, ఊరికి దూరముగ ఉండవలసినదే. తెలంగాణమునను, రాయలసీమయందును బోరుబావులపై ఆధారపడిన పల్లెలలో మోటార్లు, స్టార్టర్లు, తీగలు పోవుచున్న వార్తలు పత్రికలలో తరచు కనబడుచున్నవి. నీటిలో మునిగియుండు మోటారును పైకిలాగుట కష్టము గనుక దొంగ స్టార్టరు పెట్టెనుండి బోరువరకు పోవు తీగను కోసుకొనిపోవును. మరికొందరు ట్రాన్స్‌ఫార్మరునే పగులగొట్టి, నూనె నేలపాలుచేసి, లోని రాగితీగచుట్టలను తీసికొనిపోవుదురు. రాగిని కరగించినపిమ్మట అది ఎవరిదో బ్రహ్మకును తెలియదు. అదియే దొంగకు ఆకర్షణము. దొంగకు దక్కునది కొన్ని కిలోల రాగి. రైతులకు పోవునది, క్రొత్త ట్రాన్స్‌ఫార్మరు వచ్చులోపల ఎండిపోయిన వరిపైరు. మనువు చెప్పిన ‘కాలము’ ఇదియే.

చట్టము లేకపోలేదు. 2003 నాటి విద్యుచ్ఛక్తి చట్టము 136వ సెక్షను విద్యుత్తీగలను, సామగ్రిని అపహరించినవానికి మూడేండ్లవరకు శిక్ష విధించుచున్నది. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలో దొంగతనము 303వ సెక్షనున నున్నది. అందు ఒక క్రొత్త నియమము కలదు: దొంగిలించిన సొత్తు వెల అయిదువేల రూపాయలలోపు ఉండి, నేరము మొదటిదైనప్పుడు, సొత్తునుగాని దాని వెలనుగాని తిరిగి యిచ్చినచో సమాజసేవయే శిక్ష. తెలిసియు తెలియని పిల్లవానిని చెరసాలకు పంపకుండుట మంచిదే. కాని వెలనుబట్టి నేరమును చిన్నదిగ ఎంచెడి అలవాటు మనకు పట్టుబడరాదు. తాపీ, రసమట్టము, తూకపుగుండు అన్నియు కలిపినను అయిదువేలు కాకపోవచ్చును. వానిపై బ్రతికెడి కుటుంబమునకు అవియే మాన్యము, అవియే మడి. న్యాయాధికారి వెలచీటిని మాత్రమే కాక ఆ కుటుంబమును కూడ చూడవలెను. కౌటిల్యుడు చూచినది అదియే.

దొంగవస్తువు కొనువాడు లేనిచో దొంగ నిలువడు. శూద్రకుని మృచ్ఛకటికము మూడవ అంకమున కన్నము వేయవచ్చిన శర్విలకుడు కొలత్రాడు మరచివచ్చి, తన జందెముతోనే గోడను కొలుచుకొనును. దొంగకును తన పనిముట్టు లేనిదే పని సాగదు! అయినను అతనికి అన్నిటికంటె ముఖ్యమైన పనిముట్టు, అడుగక కొనెడి వర్తకుడు. సగము వెలకు సాయంకాలము అమ్మవచ్చిన డ్రిల్లింగు యంత్రమును, క్రొత్తగ కోసిన రాగితీగను కొనువాడు ఆ వస్తువు ఎచ్చటిదని అడుగవలెను. దొంగసొత్తని తెలిసి కొనుట న్యాయసంహిత 317వ సెక్షను క్రింద నేరము. చౌకయని కొన్నవాడు మరియొక పనివాని కంచము లాగుకొన్నవాడగును.

దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లు కాక, ముందుగ చేయదగినవి కొన్ని కలవు. సాధనము కొన్ననాడే దానిపై పేరుగాని గుర్తుగాని చెక్కింపవలెను. ఊడిపోవు పిడిమీద కాక లోహముమీద చెక్కింపవలెను. యంత్రముపైనున్న సంఖ్యను ఒక పుస్తకమున వ్రాసి, సెల్‌ఫోనులో బొమ్మ తీసి, కొన్న రసీదుతో భద్రపరుపవలెను. పని ముగియగనే సామాను లెక్కచూచి సంచిలో పెట్టవలెను. పోయిన సంగతి వారము తరువాత తెలిసినచో ప్రయోజనము లేదు. కట్టడము జరుగుచోట అందరి సామానుకు ఒక ఇనుపపెట్టె, దానికి జవాబుదారియగు ఒక మనిషి ఉండవలెను. ఆ పెట్టె కొనవలసినది కూలివాడు కాదు, పని చేయించుకొనువాడు. పొలమున తీగను గొట్టములో పెట్టి నేలలో పాతవలెను. ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది రైతులు వంతులవారీగ గస్తీ తిరుగవలెను. పోయినచో వెంటనే ఫిర్యాదు చేయవలెను. నేటి చట్టము ప్రకారము నేరము ఏ ఊర జరిగినను ఏ పోలీసుస్టేషనునందైనను చెప్పవచ్చును. యంత్రమాధ్యమమున పంపి మూడుదినములలో సంతకము చేయవచ్చును. నకలు ఉచితముగ ఇయ్యవలెను.

2023 సెప్టెంబరు 17న ఆరంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకమున పదునెనిమిది వృత్తులవారికి పనిముట్లకై పదునైదువేల రూపాయలవరకు సహాయము ఏర్పడినది. ఇచ్చుట ఒక ఎత్తు. ఇచ్చినది నిలుచుట మరియొక ఎత్తు. ఆ ముట్టునకు గుర్తుచెక్కు పనిని కూడ అప్పుడే చేయించినచో ఎంతయో మేలు.

ఉపాధ్యాయమిత్రులకు ఒక విన్నపము. దసరాకు మనము ఆయుధపూజ చేయుదుము. తెలంగాణమున జమ్మియాకును బంగారమని చేతులుమార్చుకొందుము. ఆ సెలవులలో విద్యార్థులకు ఒక పని అప్పగింపుడు. ప్రతి బాలుడును, బాలికయు తమ ఇంటిలోని పనిముట్లన్నిటి పట్టిక వ్రాయవలెను: పేరు, అది చేయు పని, దానిపై నున్న గుర్తు. గుర్తు లేనిచో పెద్దలచేత పెట్టింపవలెను. తల్లిదండ్రుల కుట్టుమిషను, తాపీ, నాడె, పార, ఏదైనను సరియే. దీనివలన రెండు లాభములు కలవు. నిఘంటువున కెక్కని మాటలు కొన్ని బయటపడును; ఇంటిసాధనమునకు భద్రత కలుగును. పాఠశాలలోని సూక్ష్మదర్శినికి, తోటపారకు, ప్రక్కవాని జామెట్రీపెట్టెలోని వృత్తలేఖినికి కూడ ఇదే నీతి వర్తించును. అడుగక తీసికొనుట, అడిగి తీసికొని ఇయ్యకుండుట, ఈ రెంటికి నడుమ దూరము మనమనుకొన్నంత లేదు.

పాండవులకు రాజ్యము పోయినది, సంపద పోయినది, పేరులు సైతము దాచుకొనవలసివచ్చినది. వారు పోగొట్టుకొననివి ఆ మూటలోని సాధనములు మాత్రమే. అవి దక్కినవి గనుకనే తక్కినవన్నియు తిరిగి దక్కినవి. మన ఊరి వడ్రంగికి, తాపీపనివానికి, రైతునకు రాజ్యములు లేవు. ఉన్నది ఆ మూట యొక్కటే. దానికి కాపలా కాయుట వారి పనియే కాదు, వారి చేతిపనివలన ఇండ్లలో నివసించుచు, అన్నము తినుచున్న మనయందరి పనియు.